బీటీఆర్‌కి వెనక తలుపు ఎందుకు లేదు: బీటీఆర్-60 నుంచి 82ఏ దాకా

మీరు అడిగినవి రెండు. రష్యా వాళ్ల ఎనిమిది చక్రాల బీటీఆర్ (సైనికుల్ని మోసే సాయుధ బండి) నుంచి సైనికులు పక్కనుంచి దూకడమేమిటి, వెనక తలుపు ఎందుకు పెట్టలేదు అన్నది ఒకటి. 60, 70, 80, 82ఏ అని ఇన్ని నంబర్లున్నాయి, ఫోటోల్లో చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి, తేడా ఎలా పట్టాలి అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. ఈ బండికి ఇంజన్ వెనక భాగంలో ఉంది. 1950ల చివర్లో తీసుకున్న ఆ నిర్ణయం చుట్టూనే తర్వాత వచ్చిన మార్పులన్నీ తిరిగాయి. చక్రాల సాయుధ వాహనాల మరమ్మతు పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి నేను ఇంజన్ వైపు నుంచే మొదలుపెడతాను, తుపాకుల వైపు నుంచి చెప్పేవాళ్లు ఎలాగూ చాలామంది ఉన్నారు.

ముందు ఒక అపోహ తీసేయాలి. సోవియట్ వాళ్లకి వెనక తలుపు సంగతి తెలియక కాదు. 1950లో సైన్యంలోకి వచ్చిన బీటీఆర్-152కి వెనక తలుపు ఉండేది. అది జిస్-151 ట్రక్కు చట్రం మీద ఉక్కు పలకలు కట్టిన ఆరు చక్రాల బండి, ట్రక్కు కాబట్టి ఇంజన్ ముందుంటుంది, వెనకంతా ఖాళీ, సైనికులు హాయిగా వెనకనుంచి దిగేవాళ్లు. దాని ఇబ్బందులు వేరే. పైకప్పు లేదు. నీళ్లలో తేలదు. ట్యాంకులు పోయే నేల మీద వాటి వెంట పోలేదు. 1956లో హంగరీ తిరుగుబాటప్పుడు బుడాపెస్ట్ వీధుల్లో మేడల మీద నుంచి పెట్రోల్ సీసాలు, గ్రెనేడ్లు ఆ ఖాళీ పెట్టెలో పడితే లోపల ఉన్నవాళ్ల గతి ఏమవుతుందో అందరూ చూశారు. పైగా అది అణుయుద్ధం వస్తుందని అనుకుంటున్న కాలం, విషధూళి పడే చోట నెత్తిమీద కప్పు లేని బండిలో మనుషుల్ని పంపలేరు.

అందుకని సైన్యం కొత్త బండికి పెట్టిన షరతులు గట్టివి. ట్యాంకు వెంట పొలాలమ్మట పోవాలి, 2 మీటర్ల వెడల్పు కందకం దాటాలి, వంతెన కోసం ఆగకుండా నది ఈదాలి. యూరప్ మైదానంలో పడమటికి పోతుంటే అడుగడుగునా నదులే, ఆ రోజుల్లో సోవియట్ సైన్యానికి ఈత అనేది ప్రాణంతో సమానమైన విషయం. గోర్కీ నగరంలోని గాజ్ అనే వాహనాల కర్మాగారం చేసిన నమూనా నెగ్గింది, 1959 చివర్లో బీటీఆర్-60పి పేరుతో సైన్యంలో చేరింది.

ఇక్కడ ఇంజన్ సంగతి మొదలవుతుంది. పది టన్నుల బండిని ఎనిమిది చక్రాల మీద పరిగెత్తించాలంటే దాదాపు 180 హార్స్‌పవర్ కావాలి. గాజ్ దగ్గర పెద్ద సంఖ్యలో తయారవుతున్న ఇంజన్లలో అంత శక్తి ఉన్నది లేదు. ఉన్నది ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, 90 హార్స్‌పవర్. సరే, రెండు పెట్టారు. పక్కపక్కన, బండి వెనక భాగంలో, వెడల్పంతా నిండిపోయేలా. ఒక్కో ఇంజన్‌కి సొంత క్లచ్, సొంత గేర్‌బాక్స్, ఒక్కోటి రెండేసి యాక్సిళ్లను తిప్పుతుంది. నీళ్లలో తోసే వాటర్ జెట్ కూడా వెనకే, కాబట్టి ఇంజన్లు దాని పక్కనే ఉండటం డిజైనర్‌కి సుఖం. బరువు వెనక ఉంటే ముక్కు పైకి తేలుతుంది, నదిలో దిగేటప్పుడు, గట్టెక్కేటప్పుడు అదీ మంచిదే. డ్రైవర్, కమాండర్ మొదటి వరుసలో కూర్చుంటే ఎదురుగా దారి బాగా కనిపిస్తుంది. ఇన్ని లాభాలు ఒకేసారి కలిసొచ్చాయి గనక ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను, అప్పటి చేతిలో ఉన్న సామానుతో అది తెలివైన పనే.

దాని మూల్యం మాత్రం పదాతి సైనికుడు చెల్లించాడు. వెనక గోడంతా ఇంజన్లు మూసేశాక అతను ఎటునుంచి దిగాలి? మొదట వచ్చిన బీటీఆర్-60పికి ఇంకా పైకప్పు లేదు, గోడెక్కి దూకాలి. 1963లో పైకప్పు వేసి 60పిఏ తెచ్చారు, అప్పుడు కప్పులోని మూతలు తెరుచుకుని పైకెక్కి దూకాలి. 1960ల మధ్యలో వచ్చిన 60పిబికి చిన్న టరెట్ (తిరిగే తుపాకీ గోపురం) పెట్టారు, అందులో 14.5 మి.మీ. కేపీవీటీ మెషిన్‌గన్, దాని పక్కన 7.62 మి.మీ. పీకేటీ మెషిన్‌గన్. దిగడానికి పక్కగోడల పైభాగంలో చిన్న మూతలు ఇచ్చారు. అయినా మనిషి నేలకి రెండు మీటర్ల ఎత్తున బయటపడతాడు, అదే సమయంలో ఎదుటివాడు కాలుస్తుంటాడు. కవచం మందం చూస్తే ఇంకా భయం వేస్తుంది, పక్కగోడ 7 మి.మీ., అంటే దగ్గర్నుంచి కొట్టిన కవచభేదక రైఫిల్ తూటాకే గ్యారంటీ లేదు.

ఫోటోలో 60పిబిని గుర్తుపట్టడం తేలిక. రెండో చక్రానికీ మూడో చక్రానికీ మధ్య కిందిభాగం చూడండి. అక్కడ తలుపు లేకుండా నున్నగా ఉంటే 60. మనుషులు పైకప్పు మీద గుంపుగా కూర్చుని ఉంటే అది మాత్రం గుర్తు కాదు, అన్ని బీటీఆర్‌ల మీదా అలాగే కూర్చుంటారు, ఎందుకో కింద చెప్తాను.

ఇదే కాలంలో పక్కనే జరిగిన ఇంకో ప్రయత్నం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చెకొస్లొవేకియా, పోలండ్ రెండూ సోవియట్ కూటమిలోనివే, అయినా బీటీఆర్-60 తీసుకోకుండా కలిసి సొంతంగా ఓటీ-64 చేసుకున్నాయి, పోలండ్‌లో దాని పేరు స్కాట్. అదీ ఎనిమిది చక్రాలదే, అదీ నీళ్లలో ఈదుతుంది, 1963 నుంచి తయారైంది. కానీ దానికి టట్రా కంపెనీ గాలితో చల్లబడే డీజిల్ ఇంజన్ ఒక్కటే, 180 హార్స్‌పవర్, దాన్ని డ్రైవర్ వెనక, బండి ముందు సగంలో పెట్టారు. వెనక రెండు రెక్కల తలుపు. ఈతకి వెనక కింద రెండు ప్రొపెల్లర్లు. మొదటినుంచీ పైకప్పు. చేతిలో సరైన డీజిల్ ఇంజన్ ఉంటే వెనక తలుపు, ఈత రెండూ కుదురుతాయని ఆ బండే చెప్తోంది. కాకపోతే బరువు 14 టన్నులు దాటింది, 60పిబి 10.3 టన్నులే. సోవియట్ వాళ్లకి వేలకి వేలు కావాలి, తేలిగ్గా, ఉన్న ట్రక్కు భాగాలతో కావాలి. వాళ్ల లెక్క వాళ్లది.

రెండు ఇంజన్ల బండి మరమ్మతు ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పుస్తకాల్లో "ఒక ఇంజన్ చెడినా రెండోదానితో నడుస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అది నిజమే. కానీ రోజువారీ సంగతి వేరు. యాక్సిలరేటర్ పెడల్ ఒకటే, క్లచ్ పెడల్ ఒకటే, గేరు కర్ర ఒకటే, వాటి కింద మాత్రం అన్నీ జంటలు. రెండు కార్బురేటర్లు ఒకే తీరుగా తెరుచుకోవాలి, రెండు క్లచ్‌లు ఒకే క్షణంలో పట్టుకోవాలి. ఒక వైపు లింకేజీ కాస్త వదులైతే ఒక ఇంజన్ లాగుతుంటే ఇంకోటి దాని మీద బరువుగా వేలాడుతుంది, క్లచ్ ప్లేటు అరుగుతుంది, గేరు మార్చేటప్పుడు కిరకిరమంటుంది, డ్రైవర్‌కి ఏ పక్కది మొరాయిస్తోందో చెవితో తెలియాలి. ప్రతి పని రెండుసార్లు చెయ్యాలి, ఆ ఇరుకులో రెండు ఇంజన్ల మధ్య చేయి దూరదు. ఏళ్లకొద్దీ ఈ సర్దుబాటు చేసిన మెకానిక్‌లకి నా నమస్కారం.

తర్వాతది బీటీఆర్-70. 1972లో ఆమోదం పొందింది, పెద్ద ఎత్తున తయారీ 1976 నుంచి. మళ్లీ రెండు పెట్రోల్ ఇంజన్లే, కాకపోతే ఈసారి ఎనిమిది సిలిండర్ల వీ8, ఒక్కోటి 120 హార్స్‌పవర్. బరువు 11.5 టన్నులు. శక్తి పెరిగింది, నేల మీద పరుగు బాగుంది. సైనికుల సీట్లు మధ్యలో వీపులు కలిపి, ముఖాలు గోడల వైపు ఉండేలా మార్చారు, కూర్చున్నచోటు నుంచే గోడలోని రంధ్రాల గుండా కాల్చవచ్చు. ముఖ్యమైన మార్పు తలుపు. రెండో, మూడో చక్రాల మధ్య కిందిభాగంలో చిన్న తలుపు పెట్టారు, రెండు పక్కలా. అప్పటిదాకా పైనుంచి దూకుతున్నవాళ్లకి ఇది గొప్ప మెరుగే, కాదనను. కానీ ఆ తలుపు ఎంత చిన్నదో దగ్గర నిలబడి చూస్తే గానీ అర్థం కాదు. పూర్తి సామాను కట్టుకున్న మనిషి వంగి, దాదాపు పాక్కుంటూ, రెండు పెద్ద టైర్ల మధ్యనుంచి బయటికి రావాలి. బండి కదులుతుంటే చక్రం కింద పడే ప్రమాదం ఉంది. కాబట్టి బండి ఆగాలి. కాల్పుల మధ్య ఆగిన బండికి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఫోటోలో 70 గుర్తు ఇదే, చక్రాల మధ్య కింద ఆ చిన్న తలుపు.

1979 చివర్లో ఈ బండ్లు అఫ్గానిస్తాన్ పోయాయి. యూరప్ నదుల కోసం చేసిన డిజైన్ కొండల్లో చిక్కుకుంది. ఎండకి, ఎత్తుకి పెట్రోల్ ఇంజన్లు వేడెక్కిపోయేవి, ఘాట్ రోడ్డు ఎక్కడానికి శక్తి చాలేది కాదు. దెబ్బ తగిలితే పెట్రోల్ భగ్గుమంటుంది. టరెట్ తుపాకీ 30 డిగ్రీలకి మించి పైకి లేవదు, శత్రువేమో శిఖరం మీద ఉన్నాడు. పక్కతలుపు సంగతి మరీ ఘోరం. సన్నటి కొండదారిలో ఒక పక్క లోయ, ఒక పక్క రాతిగోడ, కాల్పులు వచ్చే వైపు తలుపు తెరవలేరు, రెండో వైపు తెరిస్తే అడుగుపెట్టే చోటు ఉండదు. పైగా మందుపాతరలు. చక్రం కింద పేలితే చక్రం ఊడిపోయినా బీటీఆర్ మిగతా చక్రాలతో నడిచి బయటపడ్డ సందర్భాలు ఎన్నో, ఈ విషయంలో పట్టాల మీద నడిచే బీఎంపీ అనే పదాతి సాయుధ వాహనం కంటే ఇది నయమని సైనికులే అనేవాళ్లు. కానీ పేలుడు ఒత్తిడి మూసిన పెట్టెలో మనుషుల్ని బతకనివ్వదు. అందుకే పైకప్పు ఎక్కి కూర్చోవడం అలవాటైంది. తూటా తగిలే ప్రమాదం ఉందని తెలిసీ, లోపల చిక్కుకోవడం కంటే అదే మేలనుకున్నారు. కప్పు మీద సైనికులున్న ఫోటో చూసి క్రమశిక్షణ లేదని రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది, ప్రాణం కాపాడుకునే లెక్క అది.

ఈ పాఠాలన్నీ బీటీఆర్-80లో కనిపిస్తాయి, 1986లో ఆమోదించారు, అర్జమాస్ కర్మాగారంలో తయారైంది. ఎట్టకేలకు ఒకే ఇంజన్, అదీ డీజిల్. కామాజ్-7403, టర్బో ఉన్న వీ8, 260 హార్స్‌పవర్. బరువు 13.6 టన్నులకి పెరిగింది కాబట్టి టన్నుకి లెక్కేస్తే 70 కంటే శక్తి కొంచెం తక్కువే, అయినా డీజిల్ లాగుడు వేరు, ఒకసారి ట్యాంకు నింపితే 600 కిలోమీటర్లు పోతుంది, రోడ్డు మీద గంటకి 80 కిలోమీటర్ల వేగం, నీళ్లలో 9 నుంచి 10. మెకానిక్‌కి అసలు వరం ఏమిటంటే కామాజ్ ట్రక్కుల విడిభాగాలతో చాలావరకు పని నడుస్తుంది. టరెట్ తుపాకీ 60 డిగ్రీల దాకా లేస్తుంది. గోడల్లోని కాల్పు రంధ్రాలను ముందువైపుకి వంచారు. టరెట్ వెనక ఆరు పొగ గ్రెనేడ్ గొట్టాలు.

80 తలుపు మీద కొంచెం ఆగుతాను, ఈ వరుస మొత్తంలో నాకు బాగా నచ్చిన పని అది. అదే చోటు, రెండో, మూడో చక్రాల మధ్య. కానీ పెద్దది, రెండు ముక్కలు. పై ముక్క ముందువైపుకి తెరుచుకుంటుంది, కింది ముక్క కిందికి వాలి మెట్టు అవుతుంది. ముందునుంచి తూటాలు వస్తే పై రెక్క కొంత అడ్డం ఉంటుంది, కింది మెట్టు మీద కాలు పెడితే టైరుకి దూరంగా దూకవచ్చు, బండి మెల్లగా కదులుతున్నా దిగవచ్చు. వెనక తలుపు లేని బండికి ఇంతకంటే మంచి తలుపు చెయ్యడం కష్టం. ఫోటోలో ఆ రెండు ముక్కల తలుపు కనిపించిందంటే 80 కుటుంబమే, ఇంక అనుమానం అక్కర్లేదు.

అయినా నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, చేతికొచ్చిన అవకాశం వదులుకున్నది కూడా అప్పుడే. రెండు ఇంజన్ల అవసరం పోయింది. ఒక్క డీజిల్‌ను ముందుకి జరిపి వెనక ఖాళీ చేసి ఉండొచ్చు. అలా చేస్తే హల్ (బండి బయటి కవచపు పెట్టె) మొత్తం మళ్లీ గియ్యాలి, నీళ్లలో సమతూకం మళ్లీ లెక్కెయ్యాలి, ఫ్యాక్టరీ పనిముట్లు మార్చాలి. అంత ఖర్చుకి ఎవరూ ముందుకు రాలేదు, పాత రూపమే కొనసాగింది.

ఇవే బండ్ల మీద వేరే పనుల కోసం కట్టిన వేరియంట్లు కూడా ఉన్నాయి గానీ అన్నీ ఏకరువు పెట్టను, ముఖ్యమైనవి చెప్తాను. 60 మీద రేడియో, కమాండ్ బండ్లు చాలా వచ్చాయి, యాంటెన్నాలు ఎక్కువగా ఉండి టరెట్ లేని 60లు అవే. 80 మీద రసాయన, అణు కాలుష్యం పసిగట్టే ఆర్‌కెహెచ్‌ఎం-4, చెడిన బండ్లను లాగే బ్రెమ్-కే, గాయపడ్డవాళ్ల కోసం బీఎంఎం ఉన్నాయి. వీటన్నిటిలో ప్రత్యేకమైనది నోనా-ఎస్‌వీకే, 120 మి.మీ. ఆయుధం, ఫిరంగిలా నేరుగా కొడుతుంది, మోర్టార్‌లా ఎత్తుగానూ విసురుతుంది. అంబులెన్స్ విషయంలో మాత్రం వెనక తలుపు లేకపోవడం మళ్లీ కళ్లకి కడుతుంది. స్ట్రెచర్‌ను పక్కనుంచి వంచి ఎక్కించడం ఎంత కష్టమో మోసినవాళ్లకే తెలుసు.

రుమేనియా వాళ్లు కూడా ఇదే వంశాన్ని సొంతంగా పెంచారు, 60 నుంచి టీఏబీ-71, 70 నుంచి టీఏబీ-77. టీఏబీ-77లో రెండు డీజిల్ ఇంజన్లు పెట్టారు, అంటే పెట్రోల్ మంటల సమస్యను అటువైపు నుంచి తీర్చుకున్నారు. ఉక్రెయిన్‌ది ఇంకా ఆసక్తికరం. బీటీఆర్-3 పాత పద్ధతిలోనే, ఇంజన్ వెనక, తలుపు పక్కన. 2006లో ఖార్కివ్‌లోని మొరొజోవ్ డిజైన్ బ్యూరో చూపించిన బీటీఆర్-4లో ఇంజన్‌ను డ్రైవర్ వెనక్కి తెచ్చి సైనికుల గదిని చివరికి జరిపారు, వెనక తలుపులు పెట్టారు.

రష్యాలో 1994లో బీటీఆర్-80ఏ వచ్చింది, 14.5 బదులు 30 మి.మీ. 2ఏ72 ఫిరంగి. ఆ ఫిరంగి టరెట్ బయట ఉంటుంది కాబట్టి కాల్చినప్పుడు పొగ లోపలికి రాదు, గుళ్లు 300. కానీ దానికి స్టెబిలైజర్ (బండి కుదుపుకి గురి చెదరకుండా నిలిపే పరికరం) లేదు, కదులుతూ కొడితే గురి నిలవదు. ఆ లోటు 82ఏలో తీరింది. స్టెబిలైజర్, రాత్రి కూడా గురిచూడగల మంచి సైటు, 300 హార్స్‌పవర్ ఇంజన్, కవచం లోపలివైపు ముక్కలు ఎగరకుండా ఆపే పొర, ఏసీ, మందుపాతరల నుంచి కొంత అదనపు రక్షణ. బరువు దాదాపు 15 టన్నులు. 2010ల మొదటినుంచి సైన్యానికి ఇస్తున్నారు. తలుపు మాత్రం 1986 నాటిదే.

మధ్యలో బీటీఆర్-90 అని ఒకటి వచ్చింది, 510 హార్స్‌పవర్, బీఎంపీ-2 తరహా టరెట్. అందులోనూ ఇంజన్ వెనకే. 2011లో రక్షణ శాఖ దాన్ని కొనబోనని చెప్పేసింది. 2015 మే 9 మాస్కో పరేడ్‌లో బూమరాంగ్ కనిపించింది, పూర్తిగా కొత్త బండి, ఇంజన్ ముందు, వెనక వాలే ర్యాంపు. 2017లో 82 భాగాలతోనే ఇంజన్ ముందుకి మార్చి వెనక తలుపులు పెట్టిన బీటీఆర్-87 నమూనా చూపించారు. అంటే ఏం చెయ్యాలో వాళ్లకి తెలుసు. అయినా సైన్యంలో వేల సంఖ్యలో ఉన్నవి 80, 82ఏలే, ఈ ఇద్దరు కొత్తవాళ్లూ వాటి స్థానంలోకి రాలేకపోయారు.

చివరగా ఫోటో విషయంలో ఒక జాగ్రత్త. సన్నటి పొడుగాటి 30 మి.మీ. గొట్టం చూడగానే 82ఏ అని రాసేయకండి, అది 80ఏ కూడా కావచ్చు. 82ఏలో గొట్టం పక్కన, టరెట్ మీద సైటు పెట్టె పెద్దదిగా, సామాను నిండుగా కనిపిస్తుంది. 14.5 తుపాకీతో 82 అని కూడా ఉంది, దాని పేరు చివర "ఏ" ఉండదు. ఇంకోటి 82ఏఎం, పాత 80లను తెచ్చి అదే స్థాయికి మార్చినవి. బయటనుంచి చూసి ఇది కొత్తగా కట్టిన 82ఏనా, మార్చిన 80నా అని తేల్చడం దాదాపు అసాధ్యం, కాబట్టి బండి పక్కన నిలబడి నంబరు ప్లేటు చదివిన మనిషి చెప్తే తప్ప "82ఏ లేదా ఏఎం" అని రాయడమే సరైన పద్ధతి.